వైద్యశాస్త్ర పరిశోధకులు: వారి వృత్తి, వారి అన్వేషణ

“పెద్దయిన పిమ్మట ఏమగుదువు?” అని మన పాఠశాలలోని బిడ్డలను ప్రశ్నించినచో పలువురు “డాక్టరు నగుదును” అందురు. రోగికి మందిచ్చు వైద్యుని అందరు నెరుగుదురు. కాని ఆ రోగమేల వచ్చినదో, ఆ మందు శరీరమున ఏమి చేయునో శోధించు శాస్త్రజ్ఞుని ఎరిగినవారు మనలో తక్కువ. అట్టివారి కృషి మన కోలారు ప్రాంతమునకు ఎంత సన్నిహితమో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇచ్చటి బంగారము పలుగురాతి పొరలలో నుండెడిది. ఆ రాతిని తొలిచి పేల్చునపుడు లేచెడి సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతులకు చేరును. దానిని మ్రింగిన రక్షక కణములు తామే నశించును. ఆ చోట మచ్చకట్టి ఊపిరితిత్తి గట్టిపడును. ఇదియే సిలికోసిస్. మన దేశమున ఈ వ్యాధి 1947లో తొలుత ఈ గనుల నుండియే వెల్లడియైనట్లు వైద్యగ్రంథములు తెలుపుచున్నవి. దీనిని పూర్తిగా మాన్పు మందు నేటికిని లేదు. అయినను కారణము తెలియుటచేత నీరు చిమ్ముచు రాతిని తొలుచుట, గాలి ప్రసరింపజేయుట వంటి నివారణ మార్గములు ఏర్పడినవి. 2001లో గనులు మూతపడినను, పని మానిన పిమ్మట సైతము ఈ వ్యాధి ముదురగలదు. తాతగారి దగ్గు వినుచు పెరిగిన బిడ్డలు నా తరగతిలో నేటికిని కలరు.

జిల్లాలోని పెక్కు గ్రామములకు మరియొక బాధ కలదు. బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరినందున పండ్లపై మరకలు పడును. ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు, కీళ్లు బిగుసుకొనును. ఇట్టి ఎముకల వ్యాధి నెల్లూరు సీమలో ప్రబలియున్నట్లు 1937లో వైద్యులు ప్రకటించిరి. రోగిని మాత్రమే చూచిన చాలదు, అతడు త్రాగు నీటినికూడ పరీక్షింపవలెనని ఇందువలన తెలియుచున్నది.

ఇంటి దుఃఖమే పరిశోధనకు దారితీయగలదనుటకు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము నిదర్శనము. 1895లో భీమవరమున జన్మించిన ఆయన ఇద్దరు సోదరులను స్ప్రూ అను జీర్ణవ్యాధివలన కోల్పోయిరి. మద్రాసున వైద్యము చదివి, అమెరికా చేరి, ఆసుపత్రిలో కూలిపని చేయుచు విద్య సాగించిరి. ఫిస్కేతో కూడి 1925లో దేహద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. పిమ్మట కండరములకు శక్తినిచ్చు పదార్థములను శోధించిరి. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ చికిత్సకు ఉపకరించినది. బోదకాలునకు కారణమగు క్రిములను చంపు మందుకూడ ఆ బృందము కృషియే. 1948లో ఆయన పరమపదించిరి.

ఈ వృత్తికి వైద్యపట్టమే ద్వారము కాదు. జీవరసాయనము, సూక్ష్మజీవశాస్త్రము మున్నగు వానిలో ఎమ్మెస్సీ, పిదప పీహెచ్‌డీ చేసినవారికిని ప్రవేశము కలదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనకు దూరము కావు. ధనము, ఖ్యాతి ఆలస్యముగా వచ్చును; ఓర్పు మిక్కిలి కావలెను.

కావున తల్లిదండ్రులకు నా విన్నపమిది. బిడ్డ “తాతకు దగ్గేల?” అని అడిగినపుడు ఊరకుండుమని గదమకుడు. పరిశోధనకు మొదటి మెట్టు ఆ ప్రశ్నయే.