మసకబారని కటకము

వాడరేవు ఇసుకపై, దీపస్తంభపు నీడ కురుచయై పోవు పొద్దెక్కిన వేళ, వేటనుండి మరలిన నావ ప్రక్కన కూర్చుండి, చిరిగిన వలను ఒడిలో పరచుకొని తెగిన దారములను ముడివేయుచున్న డెబ్బదియేండ్ల వృద్ధు నొకనిని చాలసేపు చూచుచు నిలిచితిని. ఆయన వలకన్నులను వ్రేలితో తడవి కాక, చూపుతోనే లెక్కించుచుండెను.

“ఆపరేషన్ చేయించుకున్నావా తాతా?” అని యడిగితిని.

“రెండు కళ్ళకీ లెన్సులు ఏశారు బాబూ. మా అయ్యకి సోడాబుడ్డి అద్దాలుండేయి. అవి తీస్తే ఆయనకి సంద్రమూ ఆనదు, వలా ఆనదు” అనెను.

ఆ లెన్సు జన్మవృత్తాంతము జర్మనీదేశమున మొదలగుచున్నది. ఆక్రిలికామ్లపు సంయోగములపై 1901లో డాక్టరేటు గ్రంథము వ్రాసిన ఒట్టో రోమ్ అను రసాయనశాస్త్రజ్ఞుని సంస్థ, 1933లో ‘ప్లెక్సిగ్లాస్’ అను గాజువంటి పలకను వెలయించెను. ఇంచుమించుగా ఆ కాలముననే ఇంగ్లండులో ఐ.సి.ఐ. అను రసాయనసంస్థ శాస్త్రజ్ఞులు అదే పదార్థమును ‘పెర్‌స్పెక్స్’ పేర రూపొందించిరి. దీనికి మూలము మిథైల్ మెథాక్రిలేట్ అను, నీటివలె పలుచనై ఘాటువాసన గల ద్రవము. అందలి అణువుల జంటబంధములు విడివడి, ఒకదానినొకటి చేపట్టి, వేలకొలదిగా గొలుసుకట్టునపుడు వేడిమి వెలువడును. ఘనపరిమాణము సుమారు అయిదవవంతు తగ్గును. ద్రవము గట్టి పలకయగును. ఆ గొలుసునందు ఒకటి విడిచి ఒకటిగా కర్బన పరమాణువుల నంటియుండు చిన్న మిథైల్ శాఖయే ఈ కాఠిన్యమునకు ముఖ్యకారణము: అది గొలుసును సులువుగా మెలితిరుగనీయదు. ఆ శాఖ లేని సోదరపదార్థము గది వేడిమికే మెత్తనై వంగును; ఇది సుమారు 105 డిగ్రీల సెంటీగ్రేడు వరకు బిగువు చెడక నిలుచును.

ఈ గొలుసులు వరుసలు దీరి స్ఫటికములు గాక, ఒడ్డున కుప్పవోసిన వలవలె అంతటను ఒక్కతీరున చిక్కుకొనియుండును గనుక, కాంతిని చెదరగొట్టు సరిహద్దులు లోపల నేర్పడవు. నూటికి 92 పాళ్ళ వెలుగు దానిగుండ సాగిపోవును. శుక్లమన నిందుకు విపర్యయమే. కోడిగ్రుడ్డు తెల్లసొన ఉడికి తెల్లబడినట్లు, కంటి సహజకటకములోని మాంసకృత్తులు ముద్దలు గట్టి, వచ్చిన వెలుగును దారితప్పించును.

ఈ పదార్థమునకు కంటితో చుట్టరికము యుద్ధమున కలిసినది. 1940లో బ్రిటిషు యుద్ధవిమానముల పెర్‌స్పెక్స్ కప్పులు పగిలి, ఆ తునకలు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొనగా, అవి యచ్చటనే యుండియు వాపు పుట్టింపకుండుటను హెరాల్డ్ రిడ్లీ అను నేత్రవైద్యుడు గమనించెను. గొలుసుగా మారిన పిమ్మట చర్యకు పూనుకొను జంటబంధములు దానియందు దాదాపు మిగులవు. కంటిలోని ద్రవమున అది కరగదు. గాజు సాంద్రత సుమారు 2.5 కాగా దీనిది 1.19 మాత్రమే గనుక, బెండువలె తేలక, సీసపుగుండువలె క్రుంగక కంటిలో తేలికగా నిలుచును. శుక్లమును తీసివేసిన చోట వేరొక కటకము నేల పెట్టరాదని ఒక వైద్యవిద్యార్థి ప్రశ్నింపగా రిడ్లీ తలంపు దృఢపడెనందురు. 1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో, ప్రత్యేకముగా శుద్ధిచేసిన పెర్‌స్పెక్స్‌తో చేసిన కటకమును ఆయన తొలిసారి కంటిలో నుంచెను. తోటివైద్యులు పెక్కండ్రు చాలకాలము దానిని నిరసించిరి. ఆవిరి యంత్రములోని 121 డిగ్రీల వేడిమి ఈ కటకపు రూపమును చెడగొట్టును గనుక క్రిమిశుద్ధియు చిక్కయ్యెను. అనంతరకాలమున ఎథిలీన్ ఆక్సైడు వాయువు ఆ చిక్కు తీర్చెను.

తెలుగునేలకు దీని యవసర మెంతయో ఒక లెక్క చెప్పుచున్నది. 1996–2000 నడుమ ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించి, అంధత్వమున నూటికి 44 పాళ్ళు శుక్లమువలననే కలుగుచున్నదని తేల్చిరి. 1992లో మదురైలో నెలకొన్న ఆరోల్యాబ్ అను సంస్థ, విదేశములనుండి మిక్కిలి ధరకు వచ్చుచుండిన కటకమును మనదేశముననే చౌకగా చేయుటతో, అది పేదవాని కంటికిని అందుబాటైనది.

నేడు ఆ వంశముననే మడవదగిన కటకములు పుట్టినవి. శాఖలను మార్చి గొలుసును మెత్తపరచిన ఆక్రిలేటు కటకము చుట్టగా చుట్టబడి, రెండుమూడు మిల్లీమీటర్ల గాటుగుండ లోనికి పోయి, మరల విచ్చుకొనును. గట్టి కటకమునకు సుమారు ఆరు మిల్లీమీటర్ల దారి కావలసియుండెను. కటకమునకు గట్టితనము నిచ్చునదియు, మెత్తదనము నిచ్చునదియు ఆ చిన్నశాఖల కూర్పే యని యెరిగినపుడు, పరమాణువుల యమరికను పట్టి పట్టి చదివిన రసాయనజ్ఞుల శ్రమ యెవరికి చేరినదో నాకు ఇసుకపైననే కనబడినది.

వృద్ధుడు చిరుగు పూడ్చుట ముగించి, వలను ఎండకెత్తి చూచెను. ఒక మూల ఒక్క కన్ను తప్పిపోయియుండెను. దానిని గుర్తించి, వలను మరల ఒడిలోనికి దింపెను.