స్క్రీన్ మీద చూపు... రోడ్డు మీద బండి!

కారు కొని అప్పటికి మూడు వారాలే. డ్యాష్‌బోర్డు మధ్యలో పలకంత టచ్‌స్క్రీన్. నిజం చెప్పాలంటే ఇంజిన్ చూసి కాదు, ఆ స్క్రీన్ చూసే కొన్నాను. ఫోన్ కనెక్ట్ చేస్తే మ్యాప్స్, పాటలు, మెసేజ్‌లు అన్నీ అందులోనే. ఏసీ కూడా అందులోనే. అసలు కథ ఆ ఏసీ దగ్గరే మొదలైంది.

డిసెంబర్ నెల. సాయంత్రం ఆరు దాటింది. హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్తున్నాం. పక్క సీట్లో నాన్న. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన మనిషి. నార్కట్‌పల్లి దాటాక ‘చలి పెడుతుంది రా, ఫ్యాన్ తగ్గియ్యి’ అన్నారు. స్క్రీన్ మీద మ్యాప్ ఉంది. హోమ్ నొక్కాను. క్లైమేట్ నొక్కాను. ఫ్యాన్ గుర్తు మీద వేలు పెట్టేసరికి బండి చిన్న గతుకు ఎక్కింది. వేలు జరిగి ఇంకేదో తెరుచుకుంది. మళ్లీ వెనక్కి...

‘రేయ్... బ్రేక్!’

తలెత్తితే ఎదురుగా పత్తి లోడు ట్రాక్టర్. వెనక ఒక్క లైటు లేదు, రేడియం స్టిక్కర్ కూడా లేదు. బ్రేక్ మీద నిలబడ్డాను. టైర్లు అరిచాయి. కారు ఆగాక చూస్తే ట్రాలీకి, మా బానెట్‌కి మధ్య జానెడు జాగా. అదీ నాన్న కూర్చున్న వైపు.

ఆ తర్వాత పది కిలోమీటర్లు ఎవరం మాట్లాడలేదు. చాయ్ తాగడానికి ఆపినప్పుడు నాన్న అడిగారు.

‘ఏడ చూస్తున్నవ్ రా?’

‘ఫ్యాన్ తగ్గిస్తున్నా నాన్నా. మీరే కదా...’

‘దిగు. నన్నొకసారి కూసోనియ్యి.’

స్టీరింగ్ ముందు కూర్చుని కళ్లు మూసుకున్నారు. చెయ్యి చాపితే ఇండికేటర్ దొరికింది. వైపర్ దొరికింది. హారన్ సరేసరి. తర్వాత ఫ్యాన్ కోసం వెతికారు. వేళ్లు నున్నటి అద్దం మీద అటూ ఇటూ తిరిగి ఆగిపోయాయి.

‘గోడ మీద చెయ్యి పెట్టినట్టుంది. చూడకుంట ఒత్తలేం గదరా!’

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికెళ్లాక చదవడం మొదలుపెట్టాను. ప్రపంచం మొత్తం ఇప్పుడు కుస్తీ పడుతున్నది సరిగ్గా ఈ సమస్యతోనే అని అప్పుడు అర్థమైంది.

రెండు సెకన్ల లెక్క

ముందు చిన్న లెక్క చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకు 22 మీటర్లు. నేను స్క్రీన్ వైపు చూసింది ఒక నాలుగు సెకన్లనుకుందాం. దాదాపు 90 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. కళ్లకు గంతలు కట్టుకుని అంత దూరం కారు నడపమంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లోనే కార్ల కంపెనీలకు మార్గదర్శకాలు ఇచ్చింది. డ్రైవర్ ఒక్కో చూపు రెండు సెకన్లు దాటకూడదు, ఒక పని పూర్తి చేయడానికి మొత్తం 12 సెకన్లు మించి రోడ్డు మీద నుంచి చూపు తిప్పాల్సిన అవసరం రాకూడదు అని. అయితే అవి పాటించి తీరాల్సిన రూల్స్ కావు. కంపెనీల ఇష్టం.

పాత కారే గెలిచింది

2022లో స్వీడన్‌కు చెందిన ‘వీ బిలాగరె’ అనే కార్ల పత్రిక ఒక టెస్ట్ పెట్టింది. పదకొండు కొత్త కార్లు, వాటితోపాటు 2005 నాటి ఒక పాత వోల్వో. అన్నిట్లోనూ గంటకు 110 కిలోమీటర్ల స్పీడ్‌లో ఏసీ, రేడియో లాంటి నాలుగు మామూలు పనులు చేయాలి. కార్లకు అలవాటు పడటానికి డ్రైవర్లకు ముందే టైమ్ ఇచ్చారు.

బటన్లున్న పాత వోల్వోలో 10 సెకన్లలో పని అయిపోయింది. ఆలోపు కారు 306 మీటర్లు వెళ్లింది. అన్నిటికన్నా వెనకబడిన కొత్త టచ్‌స్క్రీన్ కారులో 44.6 సెకన్లు పట్టింది. ఆలోపు కారు దాదాపు 1,370 మీటర్లు దాటేసింది. కిలోమీటరుకు పైమాటే!

మరి కంపెనీలు బటన్లు ఎందుకు తీసేశాయి? పది రకాల స్విచ్‌లు, వాటి వైర్లు పెట్టడం కంటే ఒక్క స్క్రీన్ పెట్టడం చవక. ఫీచర్లు అప్‌డేట్‌లో పంపొచ్చు. పైగా షోరూమ్‌లో చూడగానే మనలాంటి వాళ్లం పడిపోతాం. అందులో మన వాటా కూడా ఉంది మరి.

వాయిస్ కమాండ్ ఉందిగా?

నేనూ అలాగే అనుకున్నాను. చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీద ఉంటే ఇంకేం కావాలి? కానీ పరధ్యానం మూడు రకాలు: కంటిది, చేతిది, మనసుది. వాయిస్ కమాండ్ మొదటి రెండిటినీ తగ్గిస్తుంది. మూడోది మిగిలే ఉంటుంది.

అమెరికాలో యూటా యూనివర్సిటీ శాస్త్రవేత్త డేవిడ్ స్ట్రేయర్ బృందం 2015లో దీన్ని కొలిచింది. కొన్ని వాయిస్ సిస్టమ్‌లతో మాట్లాడటం అయిపోయిన తర్వాత కూడా మనసు పూర్తిగా రోడ్డు మీదకు రావడానికి 27 సెకన్ల దాకా పట్టిందట. గంటకు 40 కిలోమీటర్లతో మెల్లగా వెళ్తున్నా ఆ టైమ్‌లో 300 మీటర్లు దాటేస్తాం. ‘అమ్మకు కాల్ చెయ్’ అంటే అది ‘అమర్‌కు కాల్ చేయాలా?’ అని అడిగితే మన బుర్ర ఎక్కడుంటుందో వేరే చెప్పాలా!

బ్రిటన్‌లో 2020లో వచ్చిన ఇంకో అధ్యయనం నన్ను నిజంగా భయపెట్టింది. ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లేలను టచ్‌తో వాడుతున్నప్పుడు డ్రైవర్ స్పందించే టైమ్ 50 శాతానికి పైగా పెరిగింది. అక్కడి చట్టం అనుమతించే పరిమితి మేరకు మద్యం తాగినవాళ్లలో ఆ పెరుగుదల 12 శాతమే అని పాత అధ్యయనాలు చెబుతున్నాయి. డ్రంకెన్ డ్రైవ్‌ను తప్పంటాం. పాట మార్చడాన్ని తప్పనం.

బటన్లు తిరిగొస్తున్నాయ్!

యూరప్‌లో కార్లకు సేఫ్టీ స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి రేటింగ్ పద్ధతి మార్చింది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్, ఎమర్జెన్సీ కాల్ లాంటివాటికి చేతికి తగిలే బటనో, లివరో ఉండాలని అడుగుతోంది. ఫోక్స్‌వ్యాగన్ లాంటి పెద్ద కంపెనీ కూడా ముఖ్యమైన బటన్లను వెనక్కి తెస్తామని చెప్పింది. అంతెందుకు, 2017లో ఒక యుద్ధనౌక ప్రమాదంలో పది మంది నావికులు చనిపోయాక, అమెరికా నేవీ కూడా నౌకల్లో టచ్‌స్క్రీన్ కంట్రోల్స్ బదులు పాతకాలపు లివర్లే మేలనుకుంది.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 ప్రకారం డ్రైవింగ్‌లో ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం ‘ప్రమాదకరమైన డ్రైవింగ్’ కిందకే వస్తుంది. మొదటిసారి దొరికితే 1,000 నుంచి 5,000 రూపాయల ఫైన్, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. దారి చూసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెదరకుండా వాడుకోవచ్చని 2020 నుంచి సడలింపు ఉంది. కారుకే బిగించిన స్క్రీన్ ఊసు మాత్రం అందులో లేదు. చేతిలో ఉంటే నేరం, డ్యాష్‌బోర్డులో ఉంటే ఫీచర్!

కార్ల సంగతే ఇలా ఉంటే బైకుల మీద వెళ్లేవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. హ్యాండిల్‌కి బిగించిన ఫోన్‌లో మ్యాప్ నడుస్తుంటుంది. డెలివరీ చేసే తమ్ముళ్లకైతే బండి మీద ఉండగానే కొత్త ఆర్డర్ మోగుతుంది. వదిలేస్తే డబ్బులు పోతాయి, చూస్తే ప్రాణం మీదకొస్తుంది. ‘జాగ్రత్తగా నడుపు’ అని వాళ్లకు నీతులు చెబితే సరిపోదు. బండి కదులుతున్నంతసేపు ఆర్డర్ మోగకుండా చేయడం యాప్ తయారుచేసేవాళ్ల చేతిలో పని.

ఈ లోపు మనం చేయగలిగినవి

* కీ తిప్పే ముందే లొకేషన్, పాటల లిస్ట్, ఏసీ సెట్ చేసేయండి. దారిలో మార్చాల్సి వస్తే పక్కకు ఆపి మార్చండి.
* ఐఫోన్‌లో డ్రైవింగ్ ఫోకస్, ఆండ్రాయిడ్‌లో డ్రైవింగ్ టైమ్‌కి డు నాట్ డిస్టర్బ్ ఆన్ చేసుకోండి. ఒక్కసారి సెట్ చేస్తే చాలు.
* మీ స్టీరింగ్ మీదున్న బటన్లు ఏవి ఏం చేస్తాయో ఆగి ఉన్నప్పుడే నేర్చుకోండి. చాలామందికి వాల్యూమ్ తప్ప ఇంకేవీ తెలియవు. నాకూ తెలియదు.
* కారు కొనేటప్పుడు నాన్న పరీక్ష పెట్టండి. షోరూమ్‌లో కళ్లు మూసుకుని ఫ్యాన్ తగ్గించండి, అద్దం మీద మంచు పోగొట్టే బటన్ వెతకండి. దొరకలేదంటే ఆలోచించండి.
* అవతలివాళ్లు బండి మీద ఉన్నారని తెలిస్తే మీరే ఫోన్ పెట్టేయండి. ఇది ఏ ఫీచరూ చేయలేని పని.

ఆ రోజు ట్రాక్టర్‌కి లైటు లేకపోవడం తప్పే. చాలా రోజులు ఆ మాట చెప్పుకునే తిరిగాను. కానీ నాన్నకు కూడా ఆ లైటు కనిపించలేదు కదా. ఆయనకు ట్రాక్టరే కనిపించింది. ఎందుకంటే ఆయన రోడ్డు చూస్తున్నారు.

ఇప్పుడు ఊరికి వెళ్తే మా కారులో డ్యూటీలు వేరు. స్టీరింగ్ నాది, స్క్రీన్ నాన్నది. కళ్లజోడు పెట్టుకుని మ్యాప్ చూస్తారు, ఏసీ ఆయనే తగ్గిస్తారు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. హైదరాబాద్ నుంచి సూర్యాపేట దాకా ఘంటసాల పాటలే. మార్చడానికి నాకు పర్మిషన్ లేదు!