చెప్పులు విప్పిన పూట

సముద్రమంటే నాకు భయం. ఆ సంగతి మావారికీ తెలుసు, పిల్లలకీ తెలుసు. అయినా పెళ్లయి పదిహేనేళ్లయిందని సింగపూర్ నుంచి ఓడ ప్రయాణానికి టిక్కెట్లు కొనేశారు! రెండ్రోజులు గదిలోనే కాలక్షేపం చేశాను. మూడోరోజు పొద్దున్న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవి దగ్గర ఓడ ఆగింది. చిన్న పడవల్లో పటాంగ్ ఊరికి తీసుకెళ్లారు. సాయంత్రం నాలుగింటికల్లా తిరిగి రావాలి.

దిగీ దిగగానే మావారు, పిల్లలు నీళ్లలోకి పరుగు. నేను చెప్పులు విడవకుండా రోడ్డు పట్టుకుని నడిచాను. ఎర్రరంగు టుక్‌టుక్‌లు, వరసగా మసాజ్ దుకాణాలు. ఒకచోట నీలంరంగు బోర్డు. దానిమీద ఎగిసిపడే అల, పైకి పరుగెడుతున్న మనిషి బొమ్మ. కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మాది బందరు. 2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి. మంగినపూడికి స్నానానికి వెళ్తూ పక్కింటి పిన్నిగారు "నువ్వూ రావే" అన్నారు. చదువుకోవాలని వంక పెట్టి పడుకున్నాను. ఆవిడ మళ్లీ రాలేదు. అదే సునామీ, అదే రోజు పటాంగ్‌నీ ముంచేసింది.

బోర్డు పక్కనే అనాసపండు ముక్కలు అమ్ముతున్నామె చేతులు జోడించి "సవాదీ ఖా" అంది. మన "స్వస్తి"లోంచి పుట్టిన పలకరింపే! నా ముఖం చూసి ఏమనుకుందో, స్టూలు జరిపింది. బోర్డు చూపించి "ఇండియా... సేమ్" అన్నాను. ఆమె చెయ్యి తలకన్నా పైకెత్తి చూపింది. తర్వాత రెండు వేళ్లు చూపి, ఆకాశంకేసి చూసింది. ఎవరని నేనడగలేదు. పండు ముక్కలతోపాటు ఉప్పూకారం పొట్లం కూడా ఇచ్చింది. డబ్బులు మాత్రం లెక్కపెట్టి తీసుకుంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆరోజు సుమత్రా దగ్గర భూకంపం వచ్చాక అల మన తీరం చేరడానికి రెండు గంటలపైనే పట్టింది. కానీ చెప్పేవాళ్లేరీ? హిందూ మహాసముద్రానికి అప్పట్లో హెచ్చరిక వ్యవస్థే లేదు. 2007లో మన హైదరాబాద్‌లోనే సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. అయినా ఒడ్డున ఉన్నప్పుడు భూమి గట్టిగా కదిలినా, నీళ్లు ఉన్నట్టుండి వెనక్కి పోయినా కబురు కోసం ఆగకూడదు. గవ్వలు ఏరుకుంటూ అసలే నిలబడకూడదు. ఎత్తైన చోటికి పరుగెత్తడమే. ఇది పిల్లలకీ చెప్పి ఉంచండి.

తిరుగు పడవకి అరగంట ముందు చెప్పులు విప్పాను. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని చీలమండల దాకా దిగాను. మా అమ్మాయి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. దోసిట పట్టి, పిన్నిగారిని తలుచుకుని వదిలాను.

ఈసారి బందరు వెళ్లినప్పుడు పిల్లల్ని మంగినపూడికి తీసుకెళ్లాలి. అక్కడ కొండల్లేవు కదా! ఎక్కడానికి ఎత్తైన మేడ ఎక్కడుందో ముందు చూసుకుని మరీ.