స్టెబిలైజరు: డిమ్ము కరెంటుకు పుట్టిన యంత్రం

దారిలో పోయిన ఓల్టేజీని ఇంట్లోకి వచ్చాక మళ్లీ పూరించే యంత్రం స్టెబిలైజరు. పలాస, టెక్కలి పట్టణాల్లోనూ, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తోటల నడుమ ఉన్న ఉద్దానం పల్లెల్లోనూ ఫ్రిజ్ వెనక గోడకు తగిలించి కనిపించే డబ్బా ఇదే. ఇది ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు ఓల్టేజీ ఎక్కడ పోతుందో తెలియాలి.

కరెంటు పారే ప్రతి తీగా కొంత ఓల్టేజీని మింగేస్తుంది. తీగ పొడవు పెరిగినా, మందం తగ్గినా, లోడు ఎక్కువైనా ఆ నష్టం పెరుగుతుంది. కరెంటు అమ్మకం మొదలైన నాటి నుంచీ ఉన్న బాధే ఇది. 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ నెలకొల్పిన విద్యుత్ కేంద్రం 110 ఓల్టుల డీసీ ఇచ్చేది. సుమారు మైలు దాటితే ఆ కరెంటుతో దీపాలు సరిగా వెలిగేవి కావు. ఓల్టేజీని పెంచి పంపి, వాడే చోట తగ్గించుకోవడమే దీనికి విరుగుడు. లూసియన్ గోలార్, జాన్ గిబ్స్ 1884లో ఇటలీలోని ట్యూరిన్ ప్రదర్శనలో ఆ పని చేసి చూపించారు. అయితే వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్లను ఒకదాని వెనక ఒకటిగా సిరీస్‌లో కలపడంతో ఒక చోట దీపాలు ఆర్పితే ఇంకో చోట ఓల్టేజీ మారిపోయేది. మరుసటి ఏడాదే బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అనే ముగ్గురు ఇంజనీర్లు ఇనుప కోరును పూర్తిగా మూసేసి, ట్రాన్స్‌ఫార్మర్లన్నిటినీ పక్కపక్కగా పారలల్‌లో కలిపారు. నేడు ఊరి మొగలో స్తంభాల మీద కూర్చున్న ట్రాన్స్‌ఫార్మరు ఆ వంశానిదే.

ఆ ట్రాన్స్‌ఫార్మరుకు 11 వేల ఓల్టులు వస్తాయి. లోడు లేనప్పుడు అది ఫేజుకీ ఫేజుకీ మధ్య 433 ఓల్టులు ఇస్తుంది. అంటే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 250. ఇంటికి అందాల్సింది 230. అందులో ఆరు శాతం అటూ ఇటూ అయినా ఫరవాలేదన్నది నిబంధన. లెక్కకు 216 నుంచి 244 దాకా. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఇంటికి ఇది సులువుగా దక్కుతుంది. చిక్కంతా లైను చివరి ఇంటిదే.

ఉద్దానంలో ఇళ్లు ఒకే చోట గుంపుగా ఉండవు. కొబ్బరి, జీడి తోటల్లో విసిరేసినట్టు అక్కడ పది, ఇక్కడ ఇరవై. ఒక్క ట్రాన్స్‌ఫార్మరు నుంచి తక్కువ ఓల్టేజీ లైనును తోటల మీదుగా చాలా దూరం లాగాల్సి వస్తుంది. ఆ లైన్లకు వాడే అల్యూమినియం తీగలకు స్క్విరల్, వీజిల్, రాబిట్ అని జంతువుల పేర్లుంటాయి. బ్రిటిష్ వాళ్లు వదిలి వెళ్లిన ఈ సరదా లైన్‌మ్యాన్ల నోట ఇంకా నడుస్తోంది. వీటిలో సన్నదైన స్క్విరల్‌కు కిలోమీటరుకు సుమారు 1.4 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరుకు అర కిలోమీటరు దూరంలో నాలుగైదు ఇళ్లు ఒకే ఫేజు మీద ఉన్నాయనుకుందాం. వెళ్లే ఫేజు తీగ, తిరిగొచ్చే న్యూట్రల్ కలిస్తే ఒక కిలోమీటరు. ఆ ఇళ్లన్నీ కలిసి 20 ఆంపియర్లు లాగితే దారిలోనే 28 ఓల్టులు పోతాయి. 240తో బయలుదేరింది 212కి దిగుతుంది. రాత్రి ఏడింటికి ఇంటింటా ఫ్యాన్లు, టీవీలు, ఒకటి రెండు ఏసీలు మొదలై లోడు 40 ఆంపియర్లయితే మిగిలేది 184. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే దాదాపు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఫేజుకు ఇవ్వగలిగేది 33 ఆంపియర్లే కాబట్టి ఒక ఫేజు మీద ఐదు ఏసీలు చేరితే దాని శక్తి అయిపోయినట్టే. కొబ్బరి తోటల బోరు మోటార్లు, పలాస జీడి పరిశ్రమల మోటార్లు, టెక్కలి గ్రానైట్ పాలిషింగ్ యంత్రాలు ఇంటి లైను మీద లేకపోయినా, వెనకున్న 11 కేవీ ఫీడరు మీద ఉంటే వాటి బరువు ఇంటి దాకా తెలుస్తుంది.

దీనికి ఉప్పుగాలి తోడు. ఇంటికొచ్చే సర్వీసు వైరును స్తంభం మీది లైను తీగకు చాలాచోట్ల చేత్తో మెలిపెట్టి చుట్టేస్తారు. అల్యూమినియం మీద పేరుకునే ఆక్సైడు పొర కరెంటును సరిగా పోనివ్వదు. సముద్రపు తేమ, ఉప్పు చేరితే ఆ ముడి ఇంకా త్వరగా పాడవుతుంది. పాడైన ముడి వేడెక్కి నల్లబడుతుంది. లోడు పెరిగిన రాత్రి చీకట్లో అక్కడ నీలిరంగు మెరుపు కనిపిస్తుంది. అంగుళం పొడవు లేని ఆ ముడి ఒక్కోసారి మొత్తం లైను కంటే ఎక్కువ ఓల్టేజీని తినేస్తుంది.

తగ్గిన ఓల్టేజీ అన్ని వస్తువులనూ ఒకేలా బాధించదు. హీటరు, ఇస్త్రీపెట్టెలాంటి వాటిలో వేడి ఓల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 180 ఓల్టుల దగ్గర వేడి 61 శాతానికి పడిపోతుంది. నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది తప్ప హీటరుకు ముప్పు లేదు. పాత ఫిలమెంటు బల్బు అదే ఓల్టేజీలో సగం వెలుగు కూడా ఇవ్వదు. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇప్పటి టీవీలు లోపలే సర్దుకుంటాయి. చార్జరు మీద 100–240 అని రాసి ఉండేది అందుకే. అసలు దెబ్బ ఫ్రిజ్ కంప్రెసర్లకూ, నీటి మోటార్లకూ తగులుతుంది. మోటారు తిప్పే బలం కూడా ఓల్టేజీ వర్గంతో పాటే తగ్గుతుంది. తిరగడం మొదలుపెట్టలేక ఆగిపోయిన మోటారు మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగి, రక్షణ స్విచ్చు సమయానికి ఆపకపోతే వైండింగు మాడ్చుకుంటుంది. కిడ్నీ జబ్బు భయంతో ఊరూరా శుద్ధి చేసిన నీటి కోసం చూసే ఉద్దానంలో ఆర్వో ప్లాంటు మోటారుకూ ఇదే ప్రమాదం. పంపు నీరసిస్తే ఆర్వో వడపోత పొర మీద ఒత్తిడి తగ్గి నీళ్లు సన్నగా వస్తాయి.

స్టెబిలైజరు అవసరం ఇక్కడ వచ్చింది. అమెరికాలో జోసెఫ్ సోలా 1938లో ఇనుప కోరు అయస్కాంత సంతృప్తిని వాడుకుని, కదిలే భాగమేదీ లేకుండా ఓల్టేజీని నిలకడగా ఉంచే ట్రాన్స్‌ఫార్మరు చేశాడు. అది బరువు, ధర ఎక్కువ; ప్రయోగశాలలకు సరిపోయింది. భారతీయ ఇళ్లలోకి వచ్చినది చవకైన రిలే రకం. కొచ్చిలో కొచౌసెఫ్ చిట్టిలప్పిళ్లి 1977లో మొదలుపెట్టిన వి-గార్డ్ తొలి సరుకు స్టెబిలైజరే. 1982 ఆసియా క్రీడల వేళ దేశంలో కలర్ టీవీ ప్రసారాలు మొదలయ్యాక టీవీ కింద స్టెబిలైజరు పెట్టడం ఆనవాయితీగా మారింది.

మూత తీస్తే లోపల పెద్ద విచిత్రమేమీ ఉండదు. ఒకే చుట్ట ఉండి, మధ్యమధ్య తీగలు బయటికి తీసిన ఆటోట్రాన్స్‌ఫార్మరు ఒకటి. పక్కనే ఓల్టేజీని గమనించే చిన్న బోర్డు, రెండు మూడు రిలేలు. ఓల్టేజీ పడగానే ఒక రిలే టక్కుమని మరో తీగకు మారి, చుట్ల నిష్పత్తిని పెంచుతుంది. ఫ్రిజ్ స్టెబిలైజరులో కరెంటు పోయి వచ్చాక సుమారు మూడు నిమిషాలు ఆపే ఏర్పాటు కూడా ఉంటుంది. కంప్రెసరులో రెండు వైపులా వాయువు ఒత్తిడి సమానం కాకముందే కరెంటు అందితే అది తిరగలేక మొరాయిస్తుంది. బీరువా అంత ఫ్రిజ్‌ను కాపాడేది నిజానికి ఆ మూడు నిమిషాలే అనవచ్చు.

స్టెబిలైజరుకు ఒక దోషముంది, దాన్ని అమ్మేవాళ్లు చెప్పరు. అది కరెంటును పుట్టించలేదు. 180ని 220 చేయాలంటే లైను నుంచి 22 శాతం ఎక్కువ ఆంపియర్లు లాగాలి. ఆ అదనపు కరెంటు అదే సన్నని తీగలో పారి, పక్కింటి ఓల్టేజీని ఇంకొంచెం కిందికి లాగుతుంది. పక్కింటివారూ ఒకటి కొంటారు. వీధి మొత్తం స్టెబిలైజర్లు పెట్టుకున్నాక లైను చివరి ఓల్టేజీ అవేవీ లేనప్పటి కంటే దిగువకే చేరుతుంది. స్టెబిలైజరు అక్కర్లేదని స్టిక్కరు అంటించుకొచ్చే కొత్త ఇన్వర్టరు ఫ్రిజ్‌లు, ఏసీలు కూడా తక్కువ ఓల్టేజీలో ఎక్కువ కరెంటు లాగేవే. లైను మీద భారం అలాగే ఉంది, డబ్బా మాత్రం వస్తువు లోపలికి వెళ్లింది.

కాబట్టి డబ్బా కొనే ముందు లోపం ఎక్కడుందో వెతకాలి. ఫ్యాను ఒక్కటే మెల్లగా తిరుగుతుంటే అది ఓల్టేజీ తప్పు కాకపోవచ్చు. కెపాసిటరు నీరసించి ఉంటుంది. టెస్టరు వెలిగిందని ఓల్టేజీ బాగుందనుకోకూడదు. అందులోని నియాన్ దీపం వంద ఓల్టులకూ వెలుగుతుంది. మల్టీమీటరు కావాలి, దాన్ని పట్టే ఎలక్ట్రీషియనూ కావాలి. సాయంత్రం లోడు మీద మీటరు బోర్డు దగ్గర ఒకసారి, వస్తువు పెట్టే ప్లగ్గు దగ్గర ఒకసారి చూస్తే సగం సంగతి తేలుతుంది. బోర్డు దగ్గర 225 ఉండి ప్లగ్గు దగ్గర 205 ఉంటే తప్పు ఇంటి వైరింగుదే. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీద ముప్ఫై మీటర్ల దూరంలో 10 ఆంపియర్ల గీజరు పెడితే 11 ఓల్టులు తీగలోనే పోతాయి. మిగతాది వదులైన స్క్రూ పని. బోర్డు దగ్గరే తక్కువగా ఉండి పక్కిళ్లలో బాగుంటే సర్వీసు వైరును, స్తంభం మీది ముడిని అనుమానించాలి. వీధంతా అదే బాధైతే సంగతి లైనుది, ట్రాన్స్‌ఫార్మరుది.

ఒక లక్షణం మాత్రం వీటన్నిటి కంటే ప్రమాదకరం. ఒక ఇంట్లో దీపాలు మసకబారుతుంటే ఇంకో ఇంట్లో కళ్లు చెదిరేలా వెలుగుతున్నాయంటే న్యూట్రల్ తెగిందో, వదులైందో అయి ఉంటుంది. అప్పుడు ఫేజుల మధ్య ఉన్న నాలుగు వందల పైచిలుకు ఓల్టులను ఇళ్లు వాటి లోడును బట్టి పంచుకుంటాయి. తక్కువ లోడున్న ఇంటికి 300 దాటి రావచ్చు. ముందు మెయిన్ స్విచ్చు ఆపాలి, ఆ తర్వాతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను. స్తంభం ఎక్కే పని లైన్‌మ్యాన్‌దే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఆ చుట్టుపక్కల వేలాది స్తంభాలను కూల్చింది. అలాంటి గాలివానల తర్వాత, మట్టలు లైను మీద పడ్డ ప్రతిసారీ, ముందుగా చూసుకోవాల్సింది న్యూట్రల్‌నే.

లైను వైపు చికిత్సలు కొన్ని చవక, కొన్ని ఖరీదు. ఒకే ఫేజు మీద గుమిగూడిన ఇళ్లను మూడు ఫేజులకు పంచితే తీగ మార్చకుండానే ఓల్టేజీ లేస్తుంది. మోటార్లకు కెపాసిటర్లు బిగిస్తే లైనులో పనికిరాని కరెంటు తగ్గుతుంది. ట్యాపులున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు సరఫరా ఆపి ఒక మెట్టు మార్చవచ్చు. అన్నిటికంటే గట్టిది 11 కేవీ తీగనే ఇళ్ల దాకా తెచ్చి 16, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు హెచ్‌వీడీఎస్ పేరుతో పెద్ద ఎత్తున చేసినది అదే. ఆ ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికొచ్చాక అర్ధరాత్రి లోడు లేని వేళ ఇంట్లో 250 దాకా చూపించవచ్చు. పాత స్టెబిలైజరు అప్పుడు తిరుగు పని మొదలుపెడుతుంది. రిలే ఇంకో వైపు తీగకు మారి ఓల్టేజీని తగ్గిస్తుంది. అందుకే కొనేటప్పుడు ఓల్టేజీని పెంచడమే కాక తగ్గించగలిగేదీ, మరీ ఎక్కువైతే సరఫరా ఆపేసే హై-కట్ ఉన్నదీ అడిగి తీసుకోవాలి.