శిక్షణకు వచ్చిన దెవరు?

దుగ్గిరాల ప్రాంతమున పసుపు త్రవ్వకము మొదలైనచో ఇంటిల్లిపాదికి పని. దుంపలు ఏరుట, కొమ్ములను కాయలను వేరుచేయుట, ఉడికిన పసుపును కళ్ళములో పరచి పది పదిహేను రోజులు తిరగవేయుచు ఎండబెట్టుట - వీనిలో ఆడవారి చేయి ఎక్కువ. అట్టిచోట పసుపు ఉడకబెట్టుటపై శిక్షణ ఏర్పాటు చేసినప్పుడు హాజరుపట్టీలో ఎవరి పేరు వ్రాయవలెను? పట్టాదారుదా, పనిచేయువారిదా? ఇది గుమాస్తా పనిగా తోచవచ్చును. కాని రాబోవు సంవత్సరము ఎవరికి, ఏ వేళ, ఏ విషయము నేర్పవలెనో నిర్ణయించుటకు ఈ పట్టీయే ఆధారము.

1945లో నెలకొన్న బాపట్ల వ్యవసాయ కళాశాల వంటి చోట్ల సీటు ఇచ్చునప్పుడే ధ్రువపత్రములు చూతురు. చేరినవారి లెక్క అక్కడనే తయారగును. రైతు శిక్షణలకు అట్టి తనిఖీ లేదు. వచ్చినవారే విద్యార్థులు, సంతకము చేసిన కాగితమే దాఖలా.

వచ్చిన అంకెను దేనితో పోల్చవలెనన్నది అసలు చిక్కు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశములోని కమతములలో స్త్రీల నిర్వహణలో నున్నవి 13.96 శాతము. 2011 జనగణనలోనో, సాగుదారులలో స్త్రీలు సుమారు 30 శాతము, వ్యవసాయ కూలీలలో సుమారు 43 శాతము. ఒక శిక్షణకు 40 మంది రాగా అందు స్త్రీలు 6గురనుకొందము. కమతముల లెక్కతో పోల్చిన సరిపోయినట్లే. సాగుదారుల లెక్కతో పోల్చిన సగమే. కూలీల లెక్కతో పోల్చిన మూడవ వంతుకు కొంచెము ఎక్కువ. పనికి సంబంధించిన శిక్షణను పనిచేయువారి లెక్కతోనే పోల్చుట సబబు.

‘ఆత్మ’ పథకపు మార్గదర్శకములలో కనీసము 30 శాతము వనరులు మహిళా రైతులకు వినియోగించవలెనని యున్నది. అది ధనమునకు సంబంధించిన నియమమే. అయినను తలల లెక్క లేనిదే ఆ ధనము చేరినదో లేదో ఎవరు చెప్పగలరు?

మొత్తములు విడివిడిగా వ్రాసినను చాలదు. పై శిక్షణకే షెడ్యూల్డు కులములవారు 8 మంది వచ్చిరని వేరొక గడిలో వ్రాసితిమనుకొనుడు. ఆ 8 మందిలో స్త్రీలు ఆరుగురా, ఒక్కరును లేరా? తెలియదు. కృషి విజ్ఞాన కేంద్రముల నివేదికలలో షెడ్యూల్డు కులములు, తెగలవారిని ఒక వైపు, ఇతరులను ఒక వైపు చూపి, ఒక్కొక్క వైపున స్త్రీ పురుషులను మరల విడదీయుట వలన ఈ సందేహము తీరును. గ్రామములోని పట్టీ కూడ అదే తీరున నుండిన, పైకి పంపునప్పుడు ఊహించి నింపు పని యుండదు.

అమెరికాలో వృత్తివిద్యకు నిధులిచ్చు పెర్కిన్స్ చట్టమును 2018లో సవరించినారు. దాని ప్రకారము రాష్ట్రములు స్త్రీ పురుషులు, జాతులు, వికలాంగులు మొదలగు వర్గముల వారీగా లెక్కలు పంపవలెను. అక్కడ చేరినవారి సంఖ్యతో ఆగరు. చదువు ముగించిన పిదప ఏమైనారో కూడ అడుగుదురు. మనము గైకొనదగిన దిదియే. నేర్చినవారిలో ఎందరు మరుసటి పంటకు ఆ పద్ధతి పాటించిరో అదే పట్టీ ప్రక్కన వ్రాసికొనుటకు ఖర్చేమి?

కౌలుదారు సంగతి వేరు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద కార్డు పొందుటకు భూయజమానితో ఒప్పందము కావలసి వచ్చినది. ఆ సంతకము దొరకనివారు ఎందరో. కార్డు లేదు గనుక కౌలుదారు కాడని పట్టీలో తేల్చుట తగదు. అతడు చెప్పిన మాట వ్రాసికొని, కార్డు సంగతి ప్రక్క గడిలో చూపవలెను.

గ్రామసభలో చదువు నివేదిక విషయమున మాత్రము జాగ్రత్త వహించుడు. శిక్షణలో వికలాంగులు ఒక్కరే యున్నచో, ఆ గడి విన్న ఊరివారికి మనిషి ఎవరో ఇట్టే తెలియును. అట్టి అంకెను మండలపు మొత్తములో కలిపి చదివి, విడి వివరమును కార్యాలయపు దస్త్రములోనే ఉంచవలెను.