నల్లబిళ్లలో నవసాగరం

విద్యార్థులారా! మీరు ఫిన్లాండ్ రాజధాని హెల్సింకికి వెళ్లారనుకోండి. అక్కడి మిత్రులొకరు పేకముక్క మీది డైమండు గుర్తులా ఉన్న నల్లని మిఠాయి బిళ్ల ఇచ్చారు. నోట్లో వేసుకోగానే కాస్త తీపి, ఆ వెంటనే ఉప్పదనం, దానితోపాటు ముక్కుకెక్కే ఘాటు! పేరడిగితే 'సల్మియాక్కి' అన్నారు. పేరు తెలిసినంత మాత్రాన పదార్థం తెలిసినట్లేనా? కాదు. అందులో ఏముందో క్రమంగా తెలుసుకుందాం.

మొదటి ఆధారం పేరులోనే ఉంది. లాటిన్‌లో 'సాల్ అమ్మోనియాకుస్' అనే మాట నుంచి ఇది పుట్టింది. అది మనకు తెలిసిన నవసాగరమే. రసాయనశాస్త్రంలో అమ్మోనియం క్లోరైడ్. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు కాలిన గిన్నెలో చల్లే తెల్లని పొడి ఇదే. వేడికి ఇది అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. రెండోది లోహం మీది ఆక్సైడు పొరను తొలగించడం వల్ల తగరం చక్కగా అంటుకుంటుంది.

రెండో ఆధారం పొట్లం మీది పదార్థాల జాబితా. అందులో 'అమ్మోనియుమ్‌క్లోరిడి', 'లక్రిత్సి' అని ఉంటాయి. లక్రిత్సి అంటే అతిమధురం. దగ్గు వచ్చినప్పుడు పెద్దలు బుగ్గన పెట్టుకోమనే వేరు ముక్క అదే! అందులోని గ్లిసిరైజిన్ పంచదార కంటే అనేక రెట్లు తియ్యగా ఉంటుంది.

మూడోది ప్రయోగం. బిళ్లను పొడిచేసి, పరీక్షనాళికలో తడి సున్నంతో కలిపి, ఉపాధ్యాయుల సమక్షంలో మెల్లగా వేడిచేయండి. నాళిక మూతి దగ్గర పట్టుకున్న తడి ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారితే అమ్మోనియా వెలువడినట్లు, అంటే బిళ్లలో అమ్మోనియం లవణం ఉన్నట్లు. అయితే, ఎంత ఉందో ఈ పరీక్ష చెప్పదు. ప్రయోగశాలలో ఏ పదార్థాన్నీ రుచి చూడకండి. కళాయికి వాడే నవసాగరం తినడానికి తయారుచేసినది కాదు.

మరి ఆ వింత రుచి ఎందుకు? పులుపును గుర్తించే నాలుక కణాల్లో ఓటీఓపీ1 అనే ప్రోటీను ఉంది. అమ్మోనియం క్లోరైడ్ కూడా దీన్నే ప్రేరేపిస్తుందని, ఎలుకలపై, కణాలపై చేసిన పరిశోధనల ద్వారా దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2023లో చూపారు.

ఇంతకీ, ఈ గుర్తింపు వల్ల ప్రయోజనమేమిటి? ఈ బిళ్లల పొట్లం ఒకటి మీ తాతగారికి కానుకగా తెచ్చారనుకోండి. ఆయన రక్తపోటుకు మందులు వాడుతున్నారు. గ్లిసిరైజిన్ శరీరంలో గ్లిసిరెటినిక్ ఆమ్లంగా మారుతుంది. మూత్రపిండాల్లో కార్టిసోల్ హార్మోనును నిర్వీర్యం చేసే ఎంజైమును అది అడ్డుకుంటుంది. దాంతో సోడియం, నీరు ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం బయటికి పోతుంది, రక్తపోటు పెరుగుతుంది. రోజూ ఎక్కువగా తింటే గుండె లయ కూడా దెబ్బతినవచ్చు. అందుకే మిఠాయిలో గ్లిసిరైజినిక్ ఆమ్లం కిలోకు 4 గ్రాములు, అంతకు మించి ఉంటే, అధిక రక్తపోటు ఉన్నవారు ఎక్కువగా తినరాదన్న హెచ్చరిక ముద్రించాలని ఐరోపా సమాఖ్య నియమం.

చూశారా! పరాయి దేశపు మిఠాయి అనుకున్నదాంట్లో రెండూ మనకు తెలిసిన సరుకులే. నాలుక ప్రశ్న మాత్రమే వేస్తుంది. జవాబు కోసం పేరును, జాబితాను, పరీక్షను ఆశ్రయించాలి. ఈసారి కొత్త మిఠాయి చేతికి వచ్చినప్పుడు, నోట్లో వేసుకునే ముందే పొట్లం తిప్పి చదవండి.