నత్తగుల్ల పగిలితే అతుకుతుందా?

వానాకాలం పొద్దున తోటకూర కట్ట విప్పితే, ఆకు అడుగున బఠాణీ గింజంత నత్తపిల్ల. చేయి జారి గచ్చు మీద పడింది, గుల్ల చిట్లింది. ఇక బతకదా?

చాలాసార్లు బతుకుతుంది. గుల్ల నత్త ఒంట్లో భాగమే, విప్పి మార్చుకునే చొక్కా కాదు. దాని లోపల మాంటిల్ అనే పలుచని కండపొర ఉంటుంది. సుద్దలో, గుడ్డు పెంకులో ఉండే కాల్షియం కార్బొనేట్‌తో గుల్ల కట్టేది అదే. గుల్ల పెరిగేది నోటి అంచు దగ్గర. అందుకే అక్కడ పెచ్చు ఊడితే తేలిగ్గా పూడుతుంది. నడుమ పగిలితే లోపలి నుంచి అతుకు పడుతుంది: మొదట ఉల్లిపొరలా, తర్వాత గట్టిగా. మచ్చ మాత్రం మిగులుతుంది. ఒళ్లు బయటపడేంత కన్నం పడితేనే కష్టం, తేమంతా ఆరిపోతుంది.

కాబట్టి మొదటి వైద్యం తడి. గాలాడే డబ్బాలో తడిమట్టి, కడిగిన కీరాదోస ముక్క, పక్కనే ఉడికించి ఎండబెట్టి నూరిన గుడ్డు పెంకుల పొడి. తాంబూలపు సున్నం వద్దు, ఒళ్లు కాలుతుంది. ఉప్పు సోకనివ్వకూడదు. జిగురుతో అతికించడం అసలే వద్దు.

నత్తల్లో పరాన్నజీవులు ఉండొచ్చు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. అది ఆఫ్రికా రాకాసి నత్త పిల్లయితే, కోలుకున్నాక పొలంలో వదలకూడదు. 1847లో కలకత్తా చేరిన ఆ జాతి ఇప్పుడు బొప్పాయి తోటలనూ వదలడం లేదు.